పెద్దాడికీ చిన్నాడికీ మధ్య డాక్టరమ్మ

మా చిన్నత్త పశువుల డాక్టరు. ఆస్పత్రిలో కుర్చీ వేసుకుని కూర్చునే రకం కాదు. సంచీ బండికి తగిలించుకుని కబురొచ్చిన చోటికల్లా పోయే రకం. ఆవిడ మణికట్టు మామయ్య మణికట్లు రెండూ కలిపినంత ఉంటుంది. మామయ్య గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం తగిలించుకుని, ఊపిరి బిగబట్టి, నువ్వుగింజంత మరను పట్టుకారుతో ఎత్తిపెట్టే మనిషి. దేవుడు ఈ ఇంట్లో చేతులు పంచేటప్పుడు కాస్త కునుకు తీసినట్టున్నాడని మామయ్య తల్లి అంటుండేది.

అత్త పనిచేసే పాల సంఘం మూతపడిన ఏడాది ఆవిడకి ఒక కబురు వచ్చింది. వేరే దేశంలో ఒక పెద్ద డాక్టరుని గుర్రం తన్నింది. తుంటి ఎముక విరిగింది. అది అతుక్కునేదాకా ఆయన బదులు తిరగడానికి మనిషి కావాలి. అత్త సరేనంది. అప్పటికి ఆవిడకి యాభై దగ్గర పడుతున్నాయి. ఈ వయసులో పరాయి దేశం వెళ్ళి పేడలో చేతులు పెట్టడం అవసరమా అని మా నాన్న మందలించాడు.

"పేడ ఎక్కడైనా పేడే అన్నయ్యా. ఇక్కడ ఎత్తితే మర్యాద, అక్కడ ఎత్తితే అవమానమా?" అంది అత్త.

ఆ దేశపు భాష ఆవిడకి పుస్తకాల్లో చదువుకున్నంత వచ్చు. తిట్లు మాత్రం అక్కడికి వెళ్ళాకే నేర్చుకుంది. బస దవాఖానా పైగదిలో. ఒక ఇనప మంచం, ఒక బల్ల, పెరట్లోకి తెరుచుకునే కిటికీ. నేల పలకల సందుల్లోంచి కింది ఫినాయిలు వాసన, బోనుల్లో పిల్లుల ఏడుపు పైకి వచ్చేవి. కింద ముందు గదిలో పెద్ద డాక్టరు కాలు పీట మీద చాపుకుని, ఒళ్ళో ఫోను పెట్టుకుని కూర్చుని ఉండేవాడు. మొదటి రోజు పొద్దున్నే జీపు తాళాలు ఆవిడ చేతిలో పెడుతూ ఆయన ఒక్క ముక్క చెప్పాడట.

"పశువు తన్నే ముందు చెవులు వెనక్కి పెడుతుంది. ఇక్కడి మనుషులు ఆపాటి మర్యాద కూడా చూపించరు. చూసుకో."

మొదటి పిలుపు కొండ వాలులో ఉన్న ఒక పశువుల కొట్టం నుంచి వచ్చింది. ఆవు ఈనలేక పడిపోయిందన్నారు. అత్త వెళ్ళేసరికి కొట్టంలో ఒక మనిషి రబ్బరు గొట్టంతో ఆవుని బాదుతున్నాడు. నలభై దాటి ఉంటాయి. మెడ మీద నరాలు తాళ్ళలా ఉబ్బి ఉన్నాయి. ఆవు సిమెంటు నేల మీద పక్కకి ఒరిగి, కళ్ళు తెల్లగా తిప్పి, ప్రతి దెబ్బకీ ఒళ్ళంతా జలదరించడం తప్ప కదలడం లేదు. అత్త సంచీ కింద పెట్టి, వెనకనుంచి వెళ్ళి గొట్టం లాక్కుని కొట్టం మధ్యలో ఉన్న గోడ మీదుగా అవతలికి విసిరేసింది.

"వెళ్ళి తెచ్చుకో. తెచ్చుకునేలోగా నా పని అయిపోతుంది" అంది.

అతను గోడ వైపు చూశాడు. కదల్లేదు. గోడ దాటి వెళ్ళడం అతనికి కుదరదని అత్తకి అప్పుడు తెలియదు.

దూడ లోపలే చచ్చి, ఉబ్బిపోయి ఉంది. తల వెనక్కి తిరిగిపోయింది. లాగితే తల్లి కూడా పోతుంది. అత్త భుజం దాకా తొడుగు వేసుకుని, తీగ రంపం లోపలికి తీసుకెళ్ళి, దూడని కడుపులోనే కోసింది. ముందు ఒక కాలు, తర్వాత మెడ, ఆ తర్వాత మొండెం. ఒక్కో ముక్కా కంపు కొడుతూ నేల మీద పడుతుంటే అతను తల తిప్పుకోలేదు. పట్టుకోమన్న చోట పట్టుకున్నాడు, లాగమన్నప్పుడు లాగాడు. మధ్యాహ్నానికి ఆవు తనంతట తాను లేచి నిలబడింది. అతను వేడినీళ్ళ బకెట్టు తెచ్చి అత్త చేతుల మీద పోశాడు.

"ఇంకెప్పుడూ దాన్ని కొట్టకు" అంది అత్త.

"లేవకపోతే?"

"లేవకపోతే నన్ను పిలువు."

అతన్ని ఊళ్ళో చిన్నాడు అంటారని ఆ సాయంత్రం పెద్ద డాక్టరు చెప్పాడు. గోడ అవతల ఉన్నది అతని అన్న. అతన్ని పెద్దాడు అంటారు. తండ్రి పోయాక ఆస్తి పంచుకునేటప్పుడు ఇద్దరూ పారలతో కొట్టుకున్నారు. పెద్దాడికి ఒక చెవి సగం తెగింది, చిన్నాడికి ముందు పళ్ళు పోయాయి. పంపకం తేలాక తండ్రి కట్టిన కొట్టాన్ని కూడా వదల్లేదు, సరిగ్గా మధ్యలో గోడ లేపి, దాన్ని వాకిళ్ళ మధ్య కూడా సాగదీశారు. అప్పట్నుంచి మాటల్లేవు. వాళ్ళిద్దరూ ఎదురుపడితే రోడ్డే పక్కకి తప్పుకుంటుందని ఊళ్ళో అనుకునేవాళ్ళు. పెద్దాడికి పెళ్ళయింది. చిన్నాడికి పెళ్ళీ పిల్లలూ లేరు. ఒక ముసలి కుక్క ఉంది.

అత్త పనిలో పడిపోయింది. ఒక ఆబోతు ఇనప తడికతో సహా ఆవిడని గోడకి నొక్కేసింది. పక్కటెముకలు నెలదాకా నొప్పి పెట్టాయి. ఒక పంది బొటనవేలి గోరు ఊడబెరికింది. ఒళ్ళంతా కమిలిన మచ్చలే. పాతవి పసుపుపచ్చగా మారేలోగా కొత్తవి నల్లగా తేలేవి. ఇంటికి ఫోను చేసినప్పుడు మాత్రం అంతా బావుందనీ, గాలి చల్లగా ఉందనీ చెప్పేది. చలి ముదిరేసరికి దారులన్నీ తెలిశాయి. తలుపు తట్టకుండానే ఎవరి కొట్టంలోకి నడిచి వెళ్ళొచ్చో, ఎవరి వాకిట్లో హారను కొట్టి ఆగాలో తెలిసింది.

ఒకరోజు తెల్లవారగానే పెద్దాడి భార్య ఫోను చేసింది. గొర్రెల మీద కుక్కలు పడ్డాయంది.

మంచు తడి మీద గొర్రెలు ఎక్కడివక్కడ పడి ఉన్నాయి. కొన్నిటికి గొంతు లేదు. ఒకటి పేగులు నేలకి రాసుకుంటుంటే లేచి నడవాలని చూస్తోంది. అత్త ముందు దానికి సూది వేసి నొప్పి తీర్చేసింది. ఇక బతకవనుకున్నవాటిని అలాగే పంపేసి, బతుకుతాయనుకున్నవాటికి మోకాళ్ళ మీద కూర్చుని కుట్లు వేయడం మొదలుపెట్టింది. పెద్దాడి భార్య ఒక్కో గొర్రె తలనీ ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. మాట్లాడే మనిషి కాదు. అప్పుడప్పుడు చొక్కా చేతికి మొహం తుడుచుకుంటే నెత్తురు చెంపలకి అంటుకునేది. దూరంగా తెరిచి ఉన్న కొట్టంలో, గోడవారన అత్త విసిరేసిన రబ్బరు గొట్టం పడినచోటే పడి ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.

పెద్దాడు తుపాకీ భుజాన వేసుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు.

"కుక్కేనా?"

"కుక్క పళ్ళే" అంది అత్త, తల ఎత్తకుండా.

"అంతే చాలు" అని అతను వెళ్ళిపోయాడు.

దేనికి చాలో అత్తకి తట్టేసరికి ఆలస్యమైంది. ఎవరి కుక్కో తను చెప్పలేదని అరిచింది. అప్పటికే అతను గోడ దగ్గరున్నాడు. తుపాకీ గోడ మీద ఆనించి పేల్చాడు. అవతల కుక్క అరుపూ చిన్నాడి అరుపూ కలిసిపోయి, ఏది ఎవరిదో తెలియలేదు.

అత్త సూది గొర్రె చర్మంలోనే వదిలేసి, రోడ్డు చుట్టి అటువైపు పరుగెత్తింది. చిన్నాడు వాకిట్లో కూలబడి ఉన్నాడు. కుక్క వెనక భాగం తుపాకీ రవ్వలతో తూట్లుపడి, అతని ఒళ్ళోకి నెత్తురు కారుతోంది. అతను దాని నోరు మూసి పట్టుకుని, చిన్నపిల్లకి చెప్పినట్టు ఏదో గొణుగుతున్నాడు. అత్త ఇద్దరినీ జీపులో వేసుకుని దవాఖానాకి వచ్చింది.

మత్తు గొట్టం వేయడానికి కుక్క నోరు తెరిచినప్పుడు అత్త చెయ్యి ఆగిపోయింది. దానికి కోరలు లేవు. చిగుళ్ళ దాకా అరిగిపోయి, మొద్దుబారిన పసుపు ముక్కలు మిగిలాయంతే. ఆ నోటితో రొట్టె నానబెట్టుకుని తినడమే గొప్ప. పెద్ద డాక్టరు కూడా కుర్చీ జరుపుకుని వచ్చి చూశాడు. ఇద్దరూ కలిసి రవ్వలన్నీ ఒక్కొక్కటీ తీశారు. కుక్క బతికింది. అత్త చేతులు కడుక్కుంటూ, ఈ సంగతి పెద్దాడికి చెప్పాలంది.

"చెబితే చచ్చిన గొర్రెలు లేచొస్తాయా? ఊరుకో" అన్నాడాయన.

"అసలు కుక్కలు బయటే తిరుగుతున్నాయి. మళ్ళీ గొర్రెలు పోతాయి. అదీగాక, కుక్క అన్నది నేనే కదా. మిగతా సగం కూడా నేనే చెప్పాలి."

ముందుగదిలో కూర్చున్న చిన్నాడికి మాత్రం ఆవిడ ఏమీ చెప్పలేదు. చెబితే అతను ఏం చేస్తాడో అత్తకి తెలుసు. కుక్క కొన్నాళ్ళు ఇక్కడే ఉండాలని చెప్పి అతన్ని పంపేసింది.

మర్నాడు మధ్యాహ్నం అత్త పెద్దాడి ఇంటికి వెళ్ళింది. అతను వాకిట్లో కంచె గుంజలు చెక్కుతున్నాడు. తుపాకీ తలుపు పక్కన చేరబెట్టి ఉంది. భార్య తీగ మీద బట్టలు ఆరేస్తోంది. అత్త చుట్టూ తిప్పకుండా చెప్పింది. ఆ కుక్కకి కోరలు లేవు, నీ గొర్రెల్ని చీల్చింది అది కాదు, అసలువి ఎక్కడున్నాయో వెతికించు అని. పెద్దాడి మొహంలో రంగు పోయింది. ఏదో అనబోయాడు. ఆ క్షణంలో వాళ్ళిద్దరే ఉండి ఉంటే అతను తల దించుకునేవాడేనని అత్త ఇప్పటికీ అంటుంది.

కానీ చిన్నాడు గేటులోకి వచ్చేశాడు. అత్త జీపు అన్న వాకిట్లో కనబడేసరికి ఆవిడ కూడా అటు చేరిందనుకున్నాడో ఏమో, కట్టెలు కొడుతున్న గొడ్డలి చేతిలో ఉండగానే వచ్చాడు. అన్నేళ్ళలో ఆ గేటు దాటడం అదే మొదటిసారి. కోరలు లేవన్న మాట అతని చెవిన పడింది.

తమ్ముడి ఎదుట పెద్దాడు తల దించుకోలేకపోయాడు.

"కుక్కకి లేకపోతే ఏం, దాని యజమానికి ఉన్నాయిగా" అన్నాడు. "ఓహో, వాడికీ లేవు కదా. నేనే రాలగొట్టాను."

చిన్నాడు నడక వేగం పెంచాడు. పెద్దాడు వెనక్కి దూకి తుపాకీ అందుకున్నాడు. అందులో తూటా లేదు. దాన్ని గొట్టం వైపు పట్టుకుని, మడమ కట్టె గాలిలోకి లేపాడు. అత్త ఇద్దరి మధ్యకి వెళ్ళి రెండు చేతులూ చాచి నిలబడింది. పోట్లాడుకునే ఎద్దుల మధ్య అలా నిలబడితే ఒక్కోసారి ఆగుతాయి. మనుషులు ఆగలేదు. తమ్ముడికని విసిరిన తుపాకీ కట్టె అత్త కుడి ముంజేతి మీద పడింది. ఎండుపుల్ల విరిచినట్టు చప్పుడు ఆవిడకే వినిపించింది. మోకాళ్ళ మీద కూలబడింది. ఆవిడ తల మీదుగా గొడ్డలి వెళ్ళి పెద్దాడి తొడలో దిగింది.

చిన్నాడు గొడ్డలి వెనక్కి లాగగానే నెత్తురు చిమ్మింది. కారడం కాదు, గుండె కొట్టుకున్నట్టే కొట్టుకుంటూ చిమ్మింది. పెద్దాడు కిందపడ్డాడు. అతని భార్య తడి చొక్కా పట్టుకుని నిలుచున్నచోటే నిలుచుండిపోయింది. చిన్నాడు గొడ్డలి వదిలేసి, దాన్ని ఎవరో తన చేతిలో పెట్టినట్టు చూస్తున్నాడు.

"ఇటు రా" అంది అత్త. గొంతు పెంచలేదు. "మోకాళ్ళ మీద కూర్చో. పిడికిలి ఇక్కడ పెట్టు, గజ్జలో. బరువంతా వెయ్యి."

"వాణ్ణి నేను ముట్టుకోను."

"ముట్టుకోకపోతే నువ్వు చూస్తుండగానే పోతాడు. రా."

అతను వచ్చి కూర్చుని పిడికిలి నొక్కాడు. చిమ్మడం తగ్గింది. పెద్దాడు కళ్ళు తెరిచి, తన మీద వంగి ఉన్నది ఎవరో చూసి, పడుకున్నచోటునుంచే తమ్ముడి మొహం మీద గుద్దడం మొదలుపెట్టాడు. ముక్కు పగిలింది, పెదవి చిట్లింది. చిన్నాడి మొహం నుంచి నెత్తురు అన్న చొక్కా మీదికి కారింది. అతను చెయ్యి తీయలేదు. మొహం కూడా తప్పించుకోలేదు. కళ్ళు మూసుకుని, పిడికిలి మీద అలాగే ఒరిగి ఉన్నాడు. కొడుతూ కొడుతూ పెద్దాడి చెయ్యే మెత్తబడి నేల మీద పడిపోయింది.

అత్త పెద్దాడి భార్యని జీపులోంచి సంచీ, దూడల్ని లాగే తాడూ తెమ్మంది. ఆమె అప్పుడు కదిలింది. ఒకసారి కదిలాక ఆమెకి రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. తాడు తొడ చుట్టూ కట్టి, చెక్కిన గుంజ ముక్క దూర్చి, ఆమె మెలిపెడుతుంటే అత్త రెండో కొస పళ్ళతో పట్టుకుంది. విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడం చేత్తో పట్టుకారు పట్టుకుని గాయంలో వెతికింది. రెండుసార్లు జారింది, మూడోసారి నెత్తురు చిమ్మే నరం దొరికింది, బిగించి పట్టింది. అంబులెన్సు వచ్చాక కూడా చిన్నాడు చెయ్యి తీయలేదు. వచ్చినవాళ్ళు అతని వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సివచ్చింది.

పెద్దాడి కాలు పోయింది, మనిషి దక్కాడు. చిన్నాడిని పోలీసులు తీసుకెళ్ళారు.

అత్త చేతికి కట్టు కట్టిన మర్నాడే పెద్దాడి భార్య ఆస్పత్రి వసారాలో ఆవిడ పక్కన వచ్చి కూర్చుంది. చెయ్యి ఎలా విరిగిందో పోలీసులకి చెప్పకండని అడిగింది. జారిపడ్డానని అంటే చాలంది. ఆయన కాలు ఎలాగూ పోయింది, ఇంకా కేసు కూడానా అని ఏడ్చింది. అత్త ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. పోలీసులు వచ్చినప్పుడు మాత్రం చూసిందంతా చెప్పింది, తుపాకీ కట్టెతో సహా. ముందు కొట్టబోయింది ఎవరు, ఎవరి మాటకి ఎవరు కదిలారు, పిడికిలి ఎంతసేపు పెట్టారు, ఏదీ దాచలేదు. పెద్దాడి భార్య ఆ తర్వాత కొన్నాళ్ళు ఆవిడతో మాట్లాడలేదు.

ఆ రోజుల్లోనే మామయ్యకి ఫోనులో అత్త కొట్టంలో జారిపడ్డానని చెప్పింది. పోలీసులకి చెప్పని అబద్ధం మొగుడికి చెప్పిందన్నమాట.

"నువ్వు జారిపడితే నేలకి దెబ్బ తగలాలి గానీ నీకెలా తగిలింది?" అన్నాడు మామయ్య. "ఏం జరిగింది?"

అప్పటిదాకా ఒక్క చుక్క రాలనివ్వని మనిషి ఆ మాటకి నవ్వబోయి, నవ్వు మధ్యలోనే ఏడ్చేసింది. అంతా చెప్పింది. వెంటనే వచ్చెయ్యమన్నాడు మామయ్య. రానంది. ఒప్పుకున్న పని సగంలో వదిలి వస్తే తనకి నిద్ర పట్టదంది. దానికి ఆయన, నువ్వు నిద్రపోతే గురకకి నాకు పట్టదు, ఎటూ ఒకళ్ళకి జాగారమే, అక్కడే ఉండు అన్నాడట.

ఇక దవాఖానా పరిస్థితి చూస్తే పెద్ద డాక్టరుకి కాలు పనిచెయ్యదు, అత్తకి చెయ్యి పనిచెయ్యదు. ఇద్దరూ కలిసి జీపెక్కారు. కట్టు లేని చేత్తో ఆవిడ స్టీరింగు తిప్పితే ఆయన పక్కనుంచి గేరు మార్చేవాడు. కొట్టంలో ఆయన కుర్చీలో కూర్చుని కుట్లు వేసేవాడు, ఆవిడ భుజంతో పశువుని గోడకి నొక్కిపట్టేది. ఇద్దరూ కలిస్తే ఒక డాక్టరు అవుతారని జనం నవ్వుకున్నారు, అయినా పిలవడం మానలేదు.

అసలు కుక్కలు ఆ నెలలోనే దొరికాయి. రాళ్ళ క్వారీలో వదిలేసిన కుక్కల గుంపు ఇంకొకరి మందమీద పడుతుంటే ఊరివాళ్ళు చుట్టుముట్టి కాల్చేశారు. ఆ కబురు చెబితే పెద్దాడు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజంతా తిండి ముట్టలేదని తర్వాత తెలిసింది.

చిన్నాడి ఆవుల్ని ఎవరు చూడాలన్న మాట వచ్చింది. పితకకపోతే పొదుగులు వాచిపోతాయి. మొదట్లో పెద్దాడి భార్య పొద్దునా సాయంత్రం రోడ్డు చుట్టి వెళ్ళి పితికి వచ్చేది. ఒకరోజు అత్త వెళ్ళేసరికి ఆమె గడ్డపార పట్టుకుని కొట్టం మధ్య గోడని పొడుస్తోంది. ఇంట్లోంచి పెద్దాడు కేకలేస్తున్నాడు. నా కొట్టంలోకి వాడి ఆవులా, చేతులు విరిచేస్తానంటున్నాడు.

"లేచి వచ్చి విరుచు" అని ఆమె లోపలికి వినబడేలా అంది. గోడని ఇంకా పొడిచి, ఆవు పట్టేంత సందు చేసింది. చెమట తుడుచుకుంటూ అత్త వైపు చూసింది. వాచిన పొదుగు ఒకటుంది, చూస్తారా అని అడిగింది. ఆమె మళ్ళీ మాట్లాడింది ఆ రోజే.

పెద్ద డాక్టరు కర్ర లేకుండా నడవడం మొదలుపెట్టాక అత్త తిరుగు ప్రయాణం కట్టింది. బయల్దేరే ముందు జైలుకి వెళ్ళింది. చిన్నాడు మధ్యలో గాజు పలక ఉన్న బల్ల అవతల కూర్చున్నాడు. ముక్కు వంకరగా అతుక్కుంది. కుక్క తింటోందా అని అడిగాడు. నానబెట్టి పెడితే తింటోందని చెప్పింది. ఆవు మళ్ళీ చూలు కట్టిందని కూడా చెప్పింది. ఎవరు పితుకుతున్నారని అడిగాడు. వదిన అని చెబితే తల ఊపాడు. గోడ సంగతి చెప్పింది. వేళ్ళతో బల్ల అంచు గీకుతూ కూర్చున్నాడు.

టైమైందని కాపలావాడు వచ్చాడు. చిన్నాడు లేచి, నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగాడు.

"వాడు నడుస్తున్నాడా?"

"కర్రలతో. వాకిటి దాకా వస్తున్నాడు."

"వాకిట్లో నాచు ఉంటుంది. జారుతుంది" అన్నాడు చిన్నాడు. "వదినని గీకెయ్యమను."

అత్త విమానానికి వెళ్తూ దారిలో ఆగి ఆ మాట చెప్పింది. ఎవరు చెప్పారో పెద్దాడి భార్య అడగలేదు. అత్త జీపు మలుపు తిరిగేసరికి ఆమె పార పట్టుకుని వాకిట్లో వంగి ఉంది. పెద్దాడు గుమ్మంలో కర్రల మీద నిలబడి, అక్కడ కాదు, ఇక్కడ అని తిడుతున్నాడు.